గివి బల్ల మీది మూడో గ్లాసు

కుతాయిసి,
1983 అక్టోబరు 2.

మాక్వాలా పెద్దమ్మకి,

ఈ ఉత్తరం ఇంక ఆపడానికి లేదు. ఈ నెల ఇరవై నాలుగో తేదీ ఉదయం పదింటికి దర్యాప్తు అధికారి నన్ను రమ్మన్నారు. కారు ఎందుకు పల్టీ కొట్టిందో చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాలి. నా స్నేహితురాలు లమారా అప్పుడు వెనక సీట్లో నిద్రపోతోంది. అందువల్ల ఓతార్ అన్న కాక, చూసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆవు అడ్డం వచ్చిందని అన్న ఇప్పటికే చెప్పాడు. నేనూ అదే చెబితే, పశువును రోడ్డు మీదికి వదిలిన నేరం సెవెరియన్ తాత మీద పడుతుంది. ఆయనకున్న ఒక్క ఆవూ పోతుంది. చూసింది చూసినట్టు చెబితే అన్న జైలుకి పోవచ్చు. నీకు మిగిలిన ఒక్క కొడుకు గురించి నీకు తెలియకుండా ఏ మాటా చెప్పకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్న నీకు ఎంత చెప్పాడో నాకు తెలియదు. పక్కటెముకలు విరిగినవాడు ఎక్కువ మాట్లాడలేడు. మొదటినుంచీ చెబుతాను.

ఆ శనివారం పొద్దున్నే అన్న మా హాస్టల్ కిటికీ కింద నిలబడి ఈల వేశాడు. తన లారీకి ఏదో విడిభాగం కావాలని ముందురోజే పెదనాన్న జిగులి కారు వేసుకుని కుతాయిసి వచ్చాడట. నేనూ, రాత్రి ఇంటికి పోకుండా నా గదిలోనే ఉండిపోయిన లమారా కిందికి దిగాం. ముగ్గురం టీ తాగుతుండగా పై కొండల్లోని షోవి దాకా వెళ్ళొద్దామన్న మాట వచ్చింది. పావుగంటలో కార్లో ఉన్నాం. లమారా ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది. వార్డెన్‌కి చెప్పలేదు. నీకు కబురు పెట్టలేదు. మేం కదిలాక గడప దగ్గర చెంబెడు నీళ్ళు ఒలకబోసి సాగనంపేవాళ్ళు కూడా లేరు.

పెద్దమ్మా, పని లేకుండా బయల్దేరడం నాకు అదే మొదటిసారి. మన ఇంట్లో ప్రయాణమంటే పెళ్ళికో, చావుకో, ఆస్పత్రికో. వారం ముందు నుంచి మూటలు కడతారు. ఏ మూటా లేకుండా, ఎవరూ ఎదురుచూడని చోటికి మనిషి పోవచ్చని నాకు తెలియదు. త్కిబులిలో పొయ్యిలోంచి తీసిన రొట్టెలు కొని, చేతులు కాలుతుండగానే తుంచుకుని తిన్నాం. నకేరాలా కనుమ మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, లమారా కిటికీలోంచి చెయ్యి చాపి వేళ్ళు కనపడటం లేదని అరిచింది. సరస్సు దగ్గర ఒకాయన కారు చక్రం గాలి దిగి కూర్చున్నాడు. అన్న దిగి చక్రం మార్చి పెట్టాడు. ఆయన మాకు మోయలేనంత గుమ్మడికాయ ఇచ్చాడు. వద్దంటే వినలేదు.

లమారా కుతాయిసి పిల్ల కదా, నోరు ఊరుకోదు. "మీ రాచా కొండలవాళ్ళు పెళ్ళికని బయల్దేరితే ఆ జంట బిడ్డ బాప్తిస్మానికి చేరతారట, నిజమేనా?" అని అన్నను ఏడిపించింది. అన్న తొణకలేదు. "నిజమే. రెండు విందులకీ ఒక్కటే ప్రయాణం. తొందరపడి మీరేం సంపాదించారు?" అన్నాడు. ఆ తర్వాత పాడుకున్నాం. మన పాటకి మూడు గొంతులు కావాలి, మేం సరిగ్గా ముగ్గురం. పై గొంతు లమారాది, నడిమిది నాది, అడుగున అన్న. ఇరుకు రోడ్డు మీద కొండ పక్కన ఆ పాట మళ్ళీ మా కార్లోకే వచ్చేది.

దారి పొడుగునా రోడ్డు మీద పోయినవాళ్ళ పేరున సారా సీసా, గ్లాసు పెట్టి ఉంచే బల్లలు వచ్చినప్పుడల్లా అన్న హారన్ మోగించాడు గాని ఆగలేదు. పదకొండు లెక్కపెట్టాను. గివి అన్న బల్ల దగ్గర మాత్రం ఆగకుండా ఎలా పోతాం? నువ్వు ఆ ఉదయమే వచ్చి వెళ్ళినట్టున్నావు. సీసా నిండుగా ఉంది, గ్లాసు బోర్లించి ఉంది, రొట్టె మీద గుడ్డ కప్పి ఉంది. లమారా నిద్రపోతోందని లేపలేదు. అన్న తన అన్న పేరు చెప్పి, రొట్టె మీద నాలుగు చుక్కలు వేసి, తాగాడు.

అక్కడినుంచి నాలుగు కిలోమీటర్లు వెళ్ళాక నది పక్కన ఒక మలుపు ఉంది. రోడ్డు తిరిగింది, కారు తిరగలేదు. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. ఆవు ఉన్న మాట నిజం. అది రోడ్డు పక్కన గడ్డిలో ఉంది, రోడ్డు మీద లేదు.

లమారా దవడ రెండు చోట్ల విరిగింది. పళ్ళకి తీగలు కట్టారు, ఆరు వారాలు నోరు తెరవకూడదు. నాకు చెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆ రోజు అన్నను చూసిన కాంపౌండరు ఎవరో తెలిసినవాడట. వాసన సంగతి కాగితంలో రాయలేదు.

ఇరవై నాలుగున నేనేం చెప్పాలి పెద్దమ్మా?

నీ
త్సిరా


నఖూరి,
అక్టోబరు 8.

త్సిరాకి,

నీ ఉత్తరం ఓని ఊరి బస్సు డ్రైవరు నిన్న సాయంత్రం తెచ్చిచ్చాడు. నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నేను నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని, నావి కోడి కెలికినట్టుంటాయి. ఓర్చుకుని చదువుకో.

ఓతార్ బాగానే ఉన్నాడు. దగ్గినప్పుడు ఏడుస్తాడు, తిన్నప్పుడు ఏడవడు. నేను గదిలోకి వెళ్తే గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఆవు అడ్డం వచ్చిందని చెప్పాడు. నాకది చాలు.

తాగాడు, తాగాడు అని రాశావు. అన్న బల్ల దగ్గర తమ్ముడు తాగక ఎవడు తాగుతాడమ్మా, దాహమేసిన కాకి తాగుతుందా? ఎన్ని గ్లాసులో నువ్వు రాయలేదు. నేనూ అడగను. వీళ్ళ నాన్న పీపాడు తాగి చెట్టెక్కి తేనె తీసేవాడు. మా ఇళ్ళల్లో ద్రాక్ష సారా తాగి చెడిపోయినవాడు లేడు.

నేను ప్రతి శనివారం పొద్దుటి బస్సుకి దిగి బల్ల దగ్గరికి వెళ్తానని నీకు తెలుసు. ఎందుకు వెళ్తానో నీకు చెప్పలేదు. బల్ల తుడవడానికని అందరూ అనుకుంటారు. నేను సీసాకి వేళ్ళు ఆనించి కొలుస్తాను. రెండు వేళ్ళు తగ్గితే, ఆ వారం రెండు వేళ్ళ మేర నా కొడుకుని ఎవరో తలుచుకున్నారు. ముక్కూ మొహం తెలియని లారీవాళ్ళు వాడి పేరు చదివి, గివి అని పైకి అని, ఒక గుక్క తాగి పోతారు. చలికాలంలో సీసా తగ్గదు. చలికాలం నాకు కష్టం. ఆ బల్ల మీద ఒక్క మాట పడితే నేను ఓర్చుకోలేను.

గివిని కొండరాయి తీసుకుంది. రాయికి శిక్ష వేసే కోర్టు లేదు. ఓతార్‌ని తీసుకుపోవడానికి కోర్టుంది. నువ్వు దాని చేతికి తాడు అందివ్వకు.

ఇంకొక మాట. మీ అమ్మ నిన్ను టీ తోటలో ఆకు కోతకి పెడతానన్నప్పుడు, రెండు బస్సులు మారి వచ్చి మీ ఇంట్లో మూడు రోజులు కదలకుండా కూర్చున్నది నేను. మన ఇంట్లో ఒక్కళ్ళన్నా కాగితం చదివి, అర్థం చేసుకుని, సంతకం పెట్టాలి అన్నాను. మీ నాన్న నవ్వాడు. సంతకానికి ఇంత చదువెందుకు, వేలు లేదా అన్నాడు. నేను లేవలేదు. ఇప్పుడు ఆ సంతకం నా కొడుకు మీద పెడతావా?

ఈ ఉత్తరంతో పాటు పొగ పట్టించిన పంది తొడ ముక్క పంపిస్తున్నాను. సగం లమారా తల్లికి ఇవ్వు. ఆ పిల్ల నమలలేదని తెలుసు. సూప్‌లో వేసి ఉడికించి నీళ్ళు తాగించమను. తెలియక వచ్చిన పిల్లకి ఇలా అయినందుకు నాకు బాధగానే ఉంది.

ముసలాడి ఆవు సంగతి నేను చూసుకుంటాను. వచ్చే వేసవికి మా దూడ ఒకటి ఇస్తాను. నువ్వు ఆవు అని చెప్పు.

పెద్దమ్మ


కుతాయిసి,
అక్టోబరు 13.

పెద్దమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంతకం గురించి నువ్వన్నది నిజం. నువ్వు ఆ మూడు రోజులూ మా ఇంట్లో కూర్చోకపోతే, ఈ ఉత్తరం రాయడానికి నాకు అక్షరాలే ఉండేవి కావు. కాబట్టి ముందు నా మీద నేనే సంతకం పెట్టుకుంటాను. మొదటి ఉత్తరంలో రెండు సంగతులు దాచాను.

షోవి వెళ్దామన్నది నేను. మాట వచ్చింది అని రాశాను. మాట దానంతట అది రాదు. అన్నకి ముందురోజు రాత్రి నిద్ర లేదు. విడిభాగం తీసుకుని, ఇక్కడ నాలుగు గంటలు పడుకుని, సాయంత్రం నిదానంగా బయల్దేరతానన్నాడు. నేను వినలేదు. పరీక్షలు పాసయ్యాను, మళ్ళీ తరగతులు మొదలైతే కదలలేం, ఇవాళే పోదాం అన్నాను. అన్న నాకు ఎన్నడూ కాదనలేదు.

రెండోది. అన్న మూడు గ్లాసులు తాగాడు. మొదటిది గివి అన్న పేరున, రెండోది పెదనాన్న పేరున. అవి తాగి సీసాకి బిరడా పెట్టేశాడు. నేను బిరడా తీశాను. పోయినవాళ్ళ దగ్గర ఆపేసి లేవకూడదు, చివరి గ్లాసు బతికున్నవాళ్ళ పేరున పడాలి అని చిన్నప్పుడు మీ ఇంట్లో విన్న మాట నాకు గుర్తొచ్చింది. "బండి నడపాలే పిల్లా" అన్నాడు అన్న. "ఓని ఎంత దూరం? చెప్పు, లమారా పేరునా, నా పేరునా?" అన్నాను. "ఇద్దరి పేరునా" అని నవ్వి తాగేశాడు. బతికున్న మా ఇద్దరి పేరున తాగిన గ్లాసు అది. పోసింది నా చెయ్యి.

నిన్న తరగతులు మానేసి బస్సులో సెవెరియన్ తాత దగ్గరికి వెళ్ళాను. ఈసారి వార్డెన్‌కి చెప్పే వెళ్ళాను. ఇల్లు కనుక్కోవడం తేలికే, మేం పడిన మలుపుకి ఎదురుగానే ఉంది. ఆయన వాకిట్లో మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి ముందు నా చెయ్యి తిప్పి గాయం చూశాడు. తర్వాత చిక్కుడుగింజల రొట్టె పెట్టాడు. తినకుండా ఏ మాటా మొదలుపెట్టనివ్వలేదు.

ఆ రోజు ఆవు తాడు ఆయన చేతిలోనే ఉందట. రాయి మీద కూర్చుని దాన్ని మేపుతున్నాడు. మా కారు మలుపులోకి వచ్చే తీరు చూసే లేచి నిలబడ్డానన్నాడు. తాడు వదిలేసి, కిందికి దిగి, లమారాను బయటికి లాగింది ఆయనే. కారు డిక్కీలోంచి దొర్లిన గుమ్మడికాయ ఒక్క గీత పడకుండా నది ఒడ్డున దొరికిందట. దాన్ని ఆవుకి పెట్టేశాడు. "దాని పేరు ఎలాగూ చెడగొట్టారు, గుమ్మడికాయన్నా తిననీ" అన్నాడు.

నేను ఇరవై నాలుగు సంగతి చెప్పాను. ఆయనకి తెలుసు. ఆయన్ని కూడా పిలిచారట. ఏం చెబుతావు తాతా అని అడిగాను. చాలాసేపు కంకి ఒలిచాడు. అప్పుడు ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆవు రోడ్డు మీద ఉందని సంతకం పెడతాను. నాకు ఆవు పోతే పాలు పోతాయి. మాక్వాలాకి ఇంకో కొడుకు పోకూడదు. ఒకడిని నా చేతులతోనే ఎత్తాను, నాకు తెలుసు."

దూడ ఇస్తానని నువ్వు రాసిన మాట నేను ఆయనకి చెప్పలేదు. వచ్చేటప్పుడు ఆవును చూశాను. ఎర్రది, ఒక కొమ్ము వంకర. ఆయన దాన్ని అమ్మాయీ అని పిలుస్తాడు. ఇంట్లో ఆయన తప్ప ఎవరూ లేరు.

పెద్దమ్మా, నేను ఆవు అడ్డం వచ్చిందని చెప్పలేను. అన్న తప్పు ఎంత ఉందో నా తప్పు అంత ఉంది. కాని కాగితంలో అన్న పేరే పడుతుంది, నాకు తెలుసు. నువ్వు నన్ను ఇంక ఇంటికి రావద్దన్నా నేను ఒప్పుకుంటాను. నీకు ముందు చెప్పకుండా మాత్రం అక్కడికి వెళ్ళను.

లమారా పలక మీద రాసి మాట్లాడుతోంది. నిన్న రాసింది: గొంతు బాగానే ఉంది, తలుపే తెరుచుకోదు.

త్సిరా


నఖూరి,
అక్టోబరు 18.

అమ్మాయీ,

నీ ఉత్తరం అందిన రోజు నీ మీద కోపంతో కోళ్ళకి గింజలు వేయడం మరిచిపోయాను. రెండో రోజు మళ్ళీ చదివాను. సెవెరియన్ మాట దగ్గర ఆగిపోయాను. అది అక్కడినుంచి నన్ను కదలనివ్వలేదు.

ఏడేళ్ళ కిందట గివిని ఎత్తుకొచ్చి నా గడపలో పడుకోబెట్టింది అతనే. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "రాయి పడింది మాక్వాలా, పిల్లాడి తప్పు లేదు" అన్నాడు. అదే ఊరంతా అన్నారు, అదే బల్ల దగ్గరి రాతి పలక మీద చెక్కించాం. నేనూ అదే నీకు రాశాను.

గివి చొక్కా ఉతికింది నేను. సారా వాసన సబ్బుకి పోతుంది, ముక్కుకి పోదు. వాడి కోటు జేబులో ఒక గ్లాసు ఉంది. మన ఇంటిది కాదు. నదికి అవతల ఉన్న బల్ల మీది గ్లాసు, ఆ నీలం గీత నాకు తెలుసు. ఎవరి పేరునో తాగి, మరుపులో జేబులో వేసుకుని బండెక్కాడు. ఆ గ్లాసు నేను ఎవరికీ చూపించలేదు. తిరిగి ఇవ్వనూ లేదు. ఓతార్ తాగిన గ్లాసు అదే. నువ్వు పోసిన గ్లాసు అదే. గివి బల్ల మీద ఏడేళ్ళుగా బోర్లించి ఉన్నది అదే.

తెలిసి ఎందుకు పోశావు అంటావు. సీసా లేకపోతే ఎవరాగుతారే? నీళ్ళ కోసం నది ఉంది. ఆగకుండా పోతారేమో, వాడి పేరు ఎవరూ పైకి అనరేమో అని భయం. వచ్చేపోయే తల్లుల కొడుకులందరికీ పోశాను. ఆ శనివారం తర్వాత వెళ్ళి కొలిచాను. నాలుగు వేళ్ళు తగ్గింది. ఇంతమంది తలుచుకున్నారా అని సంతోషించాను త్సిరా. ఓతార్ ఇంట్లో మూలుగుతున్నాడు, నేను సీసా చూసి సంతోషించాను.

సెవెరియన్ నా కోసం ఒక అబద్ధం చెప్పాడు. ఏడేళ్ళు దాన్ని మోశాడు. ఇంకొకటి అతని నెత్తిన పెట్టి, పైనుంచి ఆవుని కూడా లాక్కుంటే నేను ఏ మొహంతో ఆ బస్సు దిగుతాను?

నిన్న ఓతార్‌తో మాట్లాడాను. నీ ఉత్తరాలు రెండూ చదివి వినిపించాను. మూడో గ్లాసు నువ్వు పోశావని రాసిన చోట వాడు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "అది పిచ్చిది. పోసేవాళ్ళు పోస్తారు. తాళంచెవి నా దగ్గర కదా ఉంది" అన్నాడు. ఇరవై రోజుల్లో వాడి నోట వచ్చిన మొదటి మంచిమాట అది. తర్వాత భయపడ్డాడు. "నన్ను నువ్వే జైలుకి పంపుతావా అమ్మా?" అన్నాడు. లేదురా, బస్సు ఎక్కిస్తాను, ఎక్కడ దిగాలో నువ్వే చూసుకో అన్నాను. ఇరవై మూడున సాయంత్రం బస్సుకి వస్తాడు. నీకంటే ముందు వాడు చెప్పాలి. వాడు బస్సు దిగకపోతే, నువ్వు చూసింది చెప్పు. నేను నిన్ను ఒక్క మాట అనను.

ఇవాళ బల్ల దగ్గరికి పోయి సీసా ఒంపేశాను. నదిలో పోశాను. గ్లాసు కడిగి నదికి అవతలి బల్ల వాళ్ళకి ఇచ్చేశాను. వాళ్ళ కోడలు ఇది ఎక్కడిది అంది. దారిలో దొరికిందన్నాను. ఇదొక్కటీ అబద్ధం ఆడాను. ఆ పిల్లకి ఏం చెప్పను?

సెవెరియన్ వచ్చి పైన ఊట నుంచి గొట్టం వేస్తానన్నాడు. బల్ల పక్కకి నీళ్ళు వస్తాయి. నువ్వొక పని చెయ్యి. బల్ల దగ్గరి పాత పలక తీయించేసి కొత్తది పెట్టిస్తాను. దాని మీది మాటలు రాసిపెట్టు. చదువుకున్నదానివి. పెద్ద మాటలు వద్దు. స్టీరింగు పట్టుకున్నవాడు చదవగలిగేంత పొట్టిగా రాయి.

ఇంటికి రావద్దంటానని ఎలా అనుకున్నావు? ఈసారి వచ్చేటప్పుడు కబురు పెట్టి రా. గడపలో నీళ్ళు పొయ్యడానికి మీ వార్డెన్‌ని అడుగు.

పెద్దమ్మ


కుతాయిసి,
అక్టోబరు 27.

పెద్దమ్మకి,

అన్న బస్సు దిగాడు. గడ్డం గీసుకోలేదు, పెదనాన్న కోటు వేసుకున్నాడు. ఆ రాత్రి లమారా వాళ్ళ ఇంట్లో పడుకున్నాడు. వాళ్ళమ్మ ముందు తలుపు తీయలేదు. తర్వాత తీసింది. అన్నం పెట్టింది.

ఇరవై నాలుగున నా పేరు పిలవకముందే అన్న లేచి లోపలికి వెళ్ళాడు. తలుపు ఓరగా ఉంది, నాకు వినిపించింది. మరి ఆవు సంగతేమిటి అని అధికారి అడిగారు. "ఆవుకి ఇందులో సంబంధం లేదండి. అది గడ్డి తింటోంది" అన్నాడు అన్న. ఆయన పాత కాగితం పక్కన పెట్టారు. మళ్ళీ మొదటినుంచీ రాసుకున్నారు.

తర్వాత నేను వెళ్ళాను. చూసింది చెప్పాను. మూడో గ్లాసు పోసింది నేనే అని కూడా రాయమన్నాను. దానికి ఈ కాగితంలో గడి లేదమ్మా అన్నారు ఆయన. అయితే అడుగున ఖాళీ ఉంది కదా, నేను రాసుకోవచ్చా అన్నాను. కలం ఇచ్చారు. రాసి, మొత్తం చదివి, సంతకం పెట్టాను. కొంచెం వంకరగా పడింది గాని నా పేరు తెలుస్తోంది.

సెవెరియన్ తాతని ఆ రోజే ఇంటికి పంపించేశారు. బయట మా దగ్గర ఆగి, "మీరు నన్ను అబద్ధం ఆడనివ్వలేదు, అంత దూరం నుంచి వచ్చినందుకు ఏదో ఒకటి చెయ్యనివ్వండి" అని అన్న జేబులో రెండు ఆపిల్ పళ్ళు వేసి బస్సెక్కాడు.

అన్న లైసెన్సు తీసేసుకున్నారు. డిసెంబరులో కోర్టు. తనంతట తాను వచ్చి చెప్పాడు కనుక జైలు తప్పవచ్చని ఒకరన్నారు. తప్పదని ఇంకొకరన్నారు. ఎవరికీ తెలియదు. నీకు లేనిపోని ధైర్యం చెప్పను. లారీ పని పోయింది కదా, అప్పటిదాకా కలప ఎత్తే పనికి వెళ్తానన్నాడు, ఎముకలు అతుక్కున్నాక.

లమారాకి నవంబరు ఏడున తీగలు తీస్తారు. గివి అన్న పోయిన రోజుకి, ఇరవయ్యో తేదీకి, మేమిద్దరం వస్తాం. బస్సులో వస్తాం, చూశావా, దాదాపు నెల ముందే చెబుతున్నాను. లమారా పలక మీద రాసింది: రాచా వాళ్ళతో తిరిగి నాకూ నిదానం అంటుకుంది. అన్న కూడా బల్ల దగ్గరికి వస్తే మూడు గొంతులు ఉంటాయి. పై గొంతు ఎంత దూరం పోతుందో తీగలు తీశాక గాని తెలియదు. పోయినంతవరకూ పాడుతుంది.

ఒక మాట నీకు చెప్పాలి. పని లేకుండా, చెప్పకుండా ఆ ఉదయం బయల్దేరినందుకు నేను బాధపడటం లేదు. పొగమంచులో ఆ రోడ్డు నాకు ఇప్పటికీ ఇష్టమే. నిద్ర లేని మనిషిని పడుకోనివ్వకుండా నడపమన్నందుకు, మూసిన బిరడా తీసినందుకు బాధపడుతున్నాను. ఈ రెండిటినీ కలిపేయకూడదని నా మనసుకి చెప్పుకుంటున్నాను. మళ్ళీ ఎప్పుడైనా అలా వెళ్ళాలని ఉంది.

నువ్వడిగిన రాత కోసం నాలుగు రోజులు కూర్చున్నాను. నోటుపుస్తకంలో ఎనిమిది కాగితాలు పాడుచేశాను. మొదట పద్యంలా వచ్చింది, కొట్టేశాను. చివరికి ఇంతే మిగిలింది:

గివి. ఇరవై ఆరేళ్ళు.
తాగి బండి నడిపాడు.
ఆగండి. నీళ్ళు తాగండి. ఒక్కసారి పేరు పిలవండి.

రెండో వరుస ఉంటే, రాయి పడిందన్న మాట అబద్ధమని ఓని అంతటికీ తెలుస్తుంది. నిన్నూ అడుగుతారు, సెవెరియన్ తాతనీ అడుగుతారు. ఆ రోజు బస్సెక్కేముందు తాతని నేను అడిగాను. మాక్వాలా ఎలాగంటే అలాగే అన్నాడు. రెండో వరుస లేకపోతే, నీళ్ళెందుకు పెట్టారో దారిన పోయేవాడికి తెలియదు, పక్క ఊరి బల్ల దగ్గర ఆగి తాగుతాడు. నేను దాన్ని రెండుసార్లు కొట్టేసి రెండుసార్లు మళ్ళీ రాశాను. నీ కొడుకు, నీ పలక. ఆ వరుస ఉంచే హక్కు గాని తీసే హక్కు గాని నాకు లేవు.

ఇక్కడి చెక్కేవాడు పన్నెండో తేదీన పని మొదలుపెడితేనే ఇరవైకి బస్సులో తెచ్చుకోగలం. రెండో వరుస ఉంచమంటావో తీయమంటావో నవంబరు పదో తేదీ లోపల నాకు రాయి పెద్దమ్మా.

నీ
త్సిరా